కాశీ ఘట్టములపై ఆఱు దినములు

కాశిని గుఱించి వినని తెలుగింటి యాడుది యుండదు. పెండ్లిపందిరిలో వరుడు గొడుగు పట్టుకొని కాశీయాత్రకు బయలుదేరుటయు, బావమఱిది యెదురేగి గడ్డము పుచ్చుకొని "బావా, పోవలదు" అని బెల్లపుముక్క యిచ్చి మరలించుటయు మన మెల్లరము చూచి నవ్వుకొన్న వేడుకయే. ఇంట నలిగినవారు "నేను కాశికి పోయెదను" అని బెదరించుటయు క్రొత్త కాదు. కాని డెబ్బదియేండ్లు దాటిన యింటి పెద్దామె అలుకయు నవ్వును లేక మెల్లగా నా మాట యనినప్పుడు, ఎదురేగి గడ్డము పుచ్చుకొనుట మాకు తోచలేదు. అందువలన నామెతో గూడ మేమును బయలుదేరితిమి. ఆ ప్రయాణమున కాశీగంగ యొడ్డున మేము చూచినదియు విన్నదియు సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము తోడికోడండ్ర మిద్దఱము. మాది విజయవాడ. మా యత్తగారికి డెబ్బదిరెండేండ్లు. మామగారు గతించి నాలుగేండ్లయినది. గత శ్రావణమున నొకనాటి రాత్రి అందఱి భోజనములైన పిదప ఆమె, "నన్ను కాశిలో దింపి రండి. కేదారఘట్టము దగ్గఱ మనవారి సత్రము లున్నవట. మిగిలిన నాలుగునాళ్ళు గంగయొడ్డున గడపెదను" అనిరి. కుమారు లిద్దఱిలో పెద్దవారు కోపపడిరి. చిన్నవారు నవ్వులాటగా తీసికొనిరి. ఆమె రెంటికిని బదులు చెప్పలేదు. "ముందు చూచి రండి, పిదప ఆలోచింతము" అని తుదకు వారే తీర్మానించి మా మువ్వురకును రానుపోను టిక్కెట్లు కొనిరి. అత్తగారు టిక్కెట్లు చూచి యూరకుండిరి. కాని పెట్టె సర్దునప్పుడు తమ పూజసామగ్రి యంతయు, మామగారి ఛాయాపటమును, ఒక పెద్ద డబ్బానిండ తాము చేసికొన్న వత్తులును అందు బెట్టుట మేము చూచితిమి. ఆఱు దినములకు పోవువా రెవ్వరును అన్ని వత్తులు తీసికొనిపోరు.

మన పెద్దల కాశీయాత్ర వేఱు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి సుమారు నూఱుమంది పరివారముతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. అనగా పదునైదు నెలల పదునైదు దినముల ప్రయాణము. దారిపొడవున వారు వ్రాసియుంచిన సంగతులే 1838లో "కాశీయాత్ర చరిత్ర" యను గ్రంథముగా వెలువడినవి. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమను సామెత యట్టి దినములలో పుట్టినది. మేమో, విజయవాడలో రైలెక్కి రెండురాత్రులు నిద్రించి లేచునప్పటికి గంగాతీరమున నుంటిమి. ప్రయాణ మింత సులభమైనందున, ఎందులకు పోవుచున్నామో ఆలోచించుకొనుటకు దారిలో వ్యవధి చాలలేదు.

మొగల్‌సరాయి యని మన మెఱిగిన స్టేషనునకు 2018నుండి దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షనని పేరు. అచ్చట దిగి ఆటోలో గంగను దాటితిమి. ఆ వంతెన 1887లో డఫ్రిన్ వంతెన యను పేర తెఱవబడి, 1948నుండి మాళవీయ వంతెన యని పిలువబడుచున్నది. క్రింద రైలు, పైన రోడ్డు. వంతెన నడిమికి వచ్చునప్పటికి తెల్లవాఱుచుండెను. ఎడమవైపున నది కొడవలివలె వంగియుండగా, ఆ వంపుపొడవున మెట్లు, మెట్లపై కోటగోడలు, గోడలపై గోపురములు మంచులోనుండి యొక్కొక్కటిగా పైకి లేచుచున్నట్లుండెను. అత్తగారు కొంగున ముడి వేసికొన్న నాణెము తీసి గంగలో వేయబోయిరి. అది కటకటాలకు తగిలి రోడ్డుమీదనే పడినది. ఆమె పకపక నవ్విరి. ఇల్లు విడిచిన తరువాత ఆమె నవ్వుట యదియే మొదలు.

కాశిని చూడబోవువారు ముందుగా ఆ స్థలస్వభావమును తెలిసికొనవలెను. హిమాలయములనుండి వచ్చు గంగ సాధారణముగా తూర్పునకు పాఱునదియైనను, కాశికడ ఉత్తరమునకు తిరిగి పాఱును. అందుచేతనే ఉత్తరవాహిని యని పేరు. ఊరంతయు పడమటి గట్టుననే యున్నది. ఆ గట్టు గట్టినేల, ఎత్తయినది. ఎదుటి తూర్పుగట్టు వట్టి యిసుకతిన్నె. వర్షాకాలమున నీట మునుగును గనుక అచ్చట నూరు వెలయలేదు. కావున ఘట్టములపై కూర్చున్నవారికి ఎదుట నేయడ్డును లేక సూర్యోదయము నేరుగ నీటిపై కనబడును. దక్షిణమున అసి, ఉత్తరమున వరుణ యను రెండేఱులు గంగలో కలియును. ఆ రెంటినడుమ ఆఱేడు కిలోమీటర్ల పొడవున ఎనుబదినాలుగు ఘట్టములని లెక్క. ఇప్పుడు మనము చూచు ఱాతిమెట్లలో చాల భాగము పదునెనిమిదవ శతాబ్దిలోను ఆ తరువాతను కట్టబడినవే. కట్టించినవారిలో మహారాష్ట్ర ప్రభువులు మిక్కిలి ముఖ్యులు.

ఇన్ని మెట్లేల యని మా చిన్నతోడికోడలు మొదటినాడే మోకాళ్ళు పట్టుకొని యడిగెను. కారణము గంగయే. శ్రావణ భాద్రపదములలో నీరు వేసవిమట్టమునకు పెక్కు మీటర్ల పైకి లేచును. కాశియందు సముద్రమట్టమునకు 71.26 మీటర్లు ప్రమాదపు గుర్తు. 1978లో వరద 73.9 మీటర్లదాక వచ్చినది. అట్టి దినములలో ఘట్టములన్నియు మునిగిపోవును. హారతులు మేడలమీదికిని, దహనములు ఎత్తుచోట్లకును మాఱును. నీరు తీసిన పిమ్మట మెట్లనిండ ఒండ్రు మిగులును. దానిని గొట్టములతో నీరు కొట్టి వారములతరబడి కడుగుదురు. మేము కార్తికశుద్ధ దశమినాడు చేరితిమి. అప్పటికిని కొన్నిచోట్ల క్రిందిమెట్లపై బురద జాఱుచునే యుండెను. అత్తగారికి చెఱియొక చేయి యిచ్చి దింపుట మా నిత్యకృత్యమయ్యెను.

మా బస కేదారఘట్టము దాపుననే. ఆ ప్రాంతమున సందులలో తెలుగు, తమిళము, కన్నడము చెవిని బడుచుండును. కొట్టువాండ్రును పడవవాండ్రును "రండమ్మా" యని పిలుతురు. కేదారేశ్వరుని యాలయమునకు నిలువుగీతలుగా ఎఱుపు తెలుపు రంగులు వేసియుందురు గనుక నదిమీదనుండి యెంతదూరమునుండియైన గుర్తింపవచ్చును. మెట్లనడుమ గౌరీకుండమను చిన్న గుంట యున్నది. దానికి దక్షిణపు ప్రక్కనే విజయనగరమువారి ఘట్టము. మన విజయనగర సంస్థానము పేర కాశీగంగ యొడ్డున నొక ఘట్టముండుట చూచి, ఊరివా రెదురైనట్లు సంతసించితిమి.

మఱునాడు తెల్లవాఱుజామున అసిఘట్టమునకు పోయి, అచ్చటనుండి పడవలో నుత్తరమునకు సాగితిమి. ఘట్టములు చూచుటకు పడవయే మేలు. మెట్లమీద నడచిన కాళ్ళకు తెలియును గాని కంటికి మొత్తము కానరాదు. తులసీఘట్టము మొదటనే వచ్చును. తులసీదాసు 1623లో దేహము చాలించిన చోటని ప్రసిద్ధి. సంకటమోచన హనుమంతుని యాలయమునకు మహంతుగను, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జలశాస్త్రాచార్యులుగను ఉండిన వీరభద్రమిశ్రగారు ఈ ఘట్టముననే నివసించి, 1982లో నొక సంస్థను స్థాపించి గంగలోనికి మురుగు రాకుండ చేయవలెనని 2013లో మరణించువఱకు పాటుపడిరి. ప్రతిదినమును గంగలో మునుగుచు, ఆ నీటినే పరీక్ష చేయించి దోషములు లెక్కించినవారు. తల్లికి జబ్బు చేసినదని చెప్పుటచేత భక్తి తగ్గదని వారి జీవితము తెలుపుచున్నది.

పిదప చేత్‌సింగు కోట. 1781లో వారన్ హేస్టింగ్సు కాశీరాజైన చేత్‌సింగును ఇచ్చటనే నిర్బంధింపగా, పోరు చెలరేగి, రాజు నదివైపు గవాక్షమునుండి దిగి తప్పించుకొనిపోయెను. ఆ గోడ యెంత యెత్తున్నదో క్రిందనుండి చూచిననే గాని తెలియదు. తరువాత హనుమాన్‌ఘట్టము, తెలుగు కుటుంబమున పుట్టి ఉత్తరదేశమున పుష్టిమార్గమును నెలకొల్పిన వల్లభాచార్యులు తమ చివరి దినములు గడపినది ఇచ్చటనే యందురు. ఆపైన హరిశ్చంద్రఘట్టము. అచ్చట కాష్ఠములతోపాటు విద్యుద్దహనవాటికయు లోగడ నెలకొల్పబడినది.

మానససరోవరఘట్టము దాటగనే నారదఘట్టము వచ్చెను. దంపతు లిచ్చట కూడి స్నానము చేసినచో కలహము పుట్టునని నమ్మిక. తోడికోడండ్రకును ఇది వర్తించునా యని యడిగితిమి. పడవవాడు మమ్మిద్దఱను ఎగాదిగ చూచి, "మీకు నారదు డక్కఱలేదమ్మా" యనెను. అత్తగారు మరల నవ్విరి.

ఆ నవ్వు అహల్యాబాయి ఘట్టమువఱకు నిలిచెను. దశాశ్వమేధమునకు కొంచెము ముందున్న యీ ఘట్టముకడ పడవ నాపించి, ఆ మహారాణి కథ మాకు తెలిసినంత అత్తగారికి చెప్పితిమి. ఆమె 1725లో పుట్టినది. భర్త ఖండేరావు 1754లో యుద్ధమున మరణింపగా సహగమనమునకు సిద్ధపడెను. మామగారైన మల్హారరావు హోల్కరు కంట నీరు పెట్టుకొని, "నీవు పోయినచో నాకు దిక్కెవ్వరు? రాజ్యమును చూచువా రెవ్వరు?" అని బతిమాలి యాపెనని చెప్పుదురు. ఆమె నిలిచినది. మామగారును, తరువాత నొక్కగానొక్క కుమారుడును పోయిన పిమ్మట 1767నుండి 1795లో మరణించువఱకు మాళవదేశము నేలినది. నేడు మనము దర్శించు విశ్వనాథాలయమును 1780లో కట్టించినది ఆమెయే. దుర్గాకుండముకడ దుర్గాలయమును కట్టించినది వంగదేశమున నాటోరు సంస్థానపు రాణీ భవాని, ఆమెయు వితంతువే. 1828లో జ్ఞానవాపి చుట్టును స్తంభమండపము వేయించిన గ్వాలియరు రాణి బైజాబాయియు నట్టిదియే. భర్తలు పోయిన స్త్రీ లిచ్చటికి వచ్చుట కడపటి దినములు లెక్కించుటకే యని మన మనుకొందుము. ఇచ్చటి ఱాళ్ళు వేఱొక సంగతి చెప్పుచున్నవి.

అత్తగారు కథయంతయు విని, "మామగా రడిగినారు గనుక నిలిచినది" అని మాత్రము అనిరి. మేమది విశేషముగా గమనింపలేదు.

దశాశ్వమేధఘట్టమున నాటి సాయంకాలము హారతి చూచితిమి. ఇప్పుడు జరుగు తీరున ఈ పెద్దహారతి 1990ల దశకమునుండి వచ్చినదే. ఒకేరీతి పట్టువస్త్రములు ధరించిన యువకులు వరుసగా పీటలమీద నిలిచి, శంఖములూది, అంతస్తుల దీపస్తంభములను నాలుగు దిక్కులకును త్రిప్పుదురు. మెట్లపై నిసుక రాలదు. నీటిపై పడవలు ఒకదాని నొకటి యానుకొని నేలవలె నుండును. జనులలో సగము చేతిఫోనులలో చూచుచుండిరి. చక్కని వేడుకయే; కాని మా మనసునకు తెల్లవాఱుజామున కేదారఘట్టమున ఎవ్వరో ముసలమ్మ యొక్క ప్రమిద విడిచి నిలుచుట యంతకన్న హారతిగా తోచినది.

మూడవనాడు కాలినడకను ఉత్తరపు ఘట్టములు చూచితిమి. మానమందిరమునకు ఆ పేరు అంబరురాజు మానసింహునివలన వచ్చినది. దాని మేడమీద పదునెనిమిదవ శతాబ్దిలో సవాయి జయసింహుడు కట్టించిన ఱాతియంత్రములు గ్రహగతులు కొలుచుటకు ఏర్పడినవి. లలితాఘట్టమునుండి ఇప్పుడు నేరుగ విశ్వనాథాలయమునకు విశాలమైన దారి యున్నది. 2021 డిసెంబరు 13వ తేదీన దానిని ప్రారంభించిరి. ఆవరణ మొత్తము సుమారైదులక్షల చదరపు టడుగులట. అందు అహల్యాబాయి విగ్రహమును నిలిపినారు. ఇదివఱకు ఇరుకుసందులలో త్రొక్కిసలాడిన వృద్ధులకు ఈ దారి సుఖమైనదే. దానికై మున్నూఱుకు పైగా కట్టడములు తొలగినవి. పాతయిండ్లు, అంగళ్ళు పోయినవారు గుర్తుంచుకొనక మానరు. రెండును నిజమే.

మణికర్ణిక యచ్చటికి కొలది యడుగులే. దినమంతయు రాత్రియంతయు చితి యాఱని చోటు. కట్టెలు కొండలుగా పేర్చియుండును. ఫోటోలు తీయుట కూడదు. తీయవలదని మా మనవి కూడ. అత్తగారు దూరముగ నొక యఱుగుపై కూర్చుండి చాలసేపు చూచిరి. లేవుమని మేమనలేదు. ప్రక్కనే సింధియాఘట్టమున రత్నేశ్వరుని గుడి నీటిలోనికి ఒరిగియున్నది. బైజాబాయి 1830 ప్రాంతమున కట్టించిన ఘట్టము బరువునకు నిలువక క్రుంగిపోయెనట. ఎంత గట్టిగ కట్టినను క్రింది నేల సహింపవలెను గదా.

నాలుగవనాటి యుదయమున కేదారఘట్టమున నొక తెలుగు ముసలమ్మ మాకు పరిచయమయ్యెను. గోదావరి ప్రాంతమువారు, ఎనుబదియేండ్లు. పంతొమ్మిదేండ్లుగా కాశిలోనే యున్నారు. తమ పేరు వ్రాయవలదని కోరిరి. ఆమె పై యఱుగున కూర్చుండి చెంబులోని నీరు తలపై చల్లుకొనుచుండిరి. అత్తగారు దగ్గఱకు పోయి, "అక్కగారూ, గంగ ముందుండగా చెంబుస్నాన మేల?" అని యడిగిరి.

"గంగ కనబడును చెల్లీ, అందదు. వచ్చిన క్రొత్తలో దినమునకు మూడుమాఱులు దిగి యెక్కుచుంటిని. ఇప్పుడు మోకాళ్ళు లేవు. చేయి యిచ్చు యాత్రికు లెవ్వరైన దొరికిననాడు దిగుదును" అని యామె చెప్పిరి.

"ఇచ్చట కష్టముగ నున్నదా?"

"అబద్ధ మేల, సుఖముగనే యున్నది. ఒకపూట అన్నమునకు లోటు లేదు. నలుగురు నెఱిగినవా రున్నారు. నేను కోరి వచ్చితినని పదేండ్లు అందఱితో చెప్పితిని. ఇప్పుడు చెప్పుట మానితిని. నన్ను మావారు రైలెక్కించి స్టేషనునుండియే మరలిపోయిరి. నీ వెంట ఇద్దఱు వచ్చినారు. ఆలోచించుకో."

అత్తగారు మాటాడలేదు. మా యిద్దఱను పిలిచి, "అక్కగారిని దింపుడు" అనిరి. ఆమె రెండు చేతులును మేము పట్టుకొని మెట్టుమెట్టునను ఆపుచు నీటికి దింపితిమి. ఆమె మూడు మునుకలు వేసి, లేచి, మొగము తుడుచుకొనక యట్లే సూర్యునివైపు నిలిచిరి. ఆ దినమునుండి బయలుదేరువఱకు ప్రతియుదయమును ఆమెను దింపుట మా పనియైనది.

చతుర్దశి సాయంకాలము పంచగంగాఘట్టమునకు పోయితిమి. పై నౌరంగజేబు కాలపు మసీదు, ప్రక్క సందులలో బిందుమాధవుని గుడి. మన విజయనగర ప్రాంతమున పుట్టి, కాశిలో దీర్ఘకాలము మౌనముగ తపసు చేసి 1887లో సిద్ధిపొందిన త్రైలింగస్వామి మఠమును ఇచ్చటనే యున్నది. తెలుగుదేశపువాడు గనుకనే త్రైలింగు డని యుత్తరాదివారు పిలిచిరి. కార్తికమున నిచ్చట పొడవైన వెదుళ్ళకు బుట్టలు కట్టి, వానిలో దీపములుంచి ఆకాశమున వ్రేలాడదీయుదురు. పితరులకు దారి చూపుటకట. ఉత్తరాది లెక్కలో కార్తికము పూర్ణిమతో ముగియును. మనకు సగమే యగును. కావున వారి చివరి దీపములును మన నడిమి దీపములును ఆ యొక్కనాడు కలియును.

పూర్ణిమనాడు దేవదీపావళి. ఘట్టములన్నిటను మెట్టుమెట్టునకు ప్రమిదలు వెలిగింతురు. ఆ రాత్రి పడవల కిరాయి పలుమడుగు లగును, జనసమ్మర్దము చెప్ప నలవి కాదు. అందుచేత మేము పడవ మాని కేదారఘట్టముననే కూర్చుంటిమి. చీకటిపడునప్పటికి నదియంచున వంపుపొడవున నిప్పుకణికల వరుస యేర్పడినది. అత్తగారు తమ వత్తుల డబ్బా తెఱచి, మన యాచారము చొప్పున మూడువందల యఱువదియైదు వత్తులు నేతిలో తడిపి ఒక పెద్దప్రమిదలో వెలిగించిరి. తరువాత డబ్బాలో మిగిలిన వత్తులన్నిటిని ఆ గోదావరి ముసలమ్మగారి యొడిలో పోసి, "ఇవి మీకు, అక్కగారూ" అనిరి.

మా కప్పుడు గాని సంగతి తెలియలేదు. ఆమె వత్తులు దాచుకొనలేదు.

ముసలమ్మగారు పోయిన పిదప అత్తగారు, మమ్ము చూడక దీపమును చూచుచు చెప్పిరి: "అహల్యాబాయిని పోవలదని మామగా రడిగినారు. నేను పోయెదనన్నప్పుడు పెద్దవాడు కోపపడినాడు, చిన్నవాడు నవ్వినాడు. టిక్కెట్లు కొన్నారు. పోవలదని యెవ్వరును అనలేదు. మీరును అనలేదు."

మేము నోరెత్తలేక పోయితిమి.

"మీరు మంచివారే. నాలుగేండ్లుగా నేను లేవబోయినప్పుడెల్ల 'మీరు కూర్చోండి, అత్తయ్యగారూ' అనుచునే యున్నారు. కూర్చుంటిని. కూరలు మీరే తఱిగితిరి, పిల్లలకు మీరే జడలు వేసితిరి. మొన్నటి వేసవిలో ఆవకాయ జాడీ కొని తెచ్చితిరి. నలువదియేడేండ్లు ఆ యింట ఆవకాయ నేను కలిపితిని. ఆ కొన్న జాడీ చూచిన దినముననే నాకు కాశి మనసున బడినది."

ఆమె శ్రమపడకూడదనియే కొంటిమి. ఆ మాట నాలుకదాక వచ్చి యాగిపోయినది. శ్రమ తప్పించుటయు, చోటు తప్పించుటయు చూపున కొక్కరీతిగనే యుండునని మాకు ఇంతకుముందు తట్టలేదు. మాలో పెద్దది లేచి ముందుకు పోయి అత్తగారి గడ్డము పుచ్చుకొని, "పోవలదు, అత్తయ్యగారూ. ఇంటికి రండి. ఉప్పు, కారము, ఆవపిండి పాళ్ళు మా యిద్దఱకును తెలియవు" అనెను. చిన్నది ప్రసాదముగా వచ్చిన పటికబెల్లము ఆమె నోట బెట్టెను. అత్తగారు నవ్విరో యేడ్చిరో దీపపు వెలుతురులో సరిగ కానరాలేదు. కొంతసేపటికి, "వచ్చెదను. కాని మోకాళ్ళున్నంతవఱకు ఏటేట కార్తికమున నన్నిచ్చటికి తీసికొని రావలెను. అక్కగారికి చేయి యిచ్చువారు కావలెను గదా" అనిరి. అట్లే యని యొప్పుకొంటిమి.

కాశిలో నొక కాయయు నొక పండును విడుచుట మన యాచారము. అత్తగారు సీతాఫలమును, తమకు మొదటినుండియు గిట్టని కాకరకాయను విడిచిరి. గిట్టనిది విడుచుట చెల్లదని మేమన్నను వినలేదు. మేమేమి విడిచితిమో వేఱుగ వ్రాయ నక్కఱలేదు.

కాశికి పోదలచిన సోదరీమణులకు రెండు మూడు మాటలు. వరదకాలమును, నడివేసవిని మాని కార్తికమునుండి ఫాల్గునములోపల పొండు. పడవ యెక్కకముందే కిరాయి తేల్చుకొనుడు. రక్షణకవచము తొడుగుకొనకుండ కూర్చుండకుడు. క్రిందిమెట్టు పాచిపట్టి జాఱును. ముందు కఱ్ఱతో లోతు చూచి, గొలుసు గాని తోడివారి చేయి గాని పట్టుకొని మునుగుడు. ప్రధానఘట్టములందు బట్టలు మార్చుకొనుటకు గదులున్నవి. దర్శనమునకు పోవునప్పుడు సంచులును ఫోనులును బసలోనే యుంచుట మేలు. వారాహీదేవి దర్శనము తెల్లవాఱుజామున కొలదిసేపే యుండును. నేలలోని రంధ్రమునుండి చూడవలెను. అన్నిటికన్న ముఖ్యము, పెద్దలను తీసికొనిపోవువారు ఆలస్యము చేయకుడు. కాశియంతయు మెట్లే. మోకాళ్ళు పోయిన పిదప తీసికొనిపోయినచో గంగ కనబడునే గాని యందదు.

కోరి, కడుపునిండిన మనసుతో కాశీవాసము చేయువారిని మేము తప్పుపట్టము. అట్టివారి ధన్యతను ఆ మెట్లపై కన్నులార చూచితిమి. కాని యింటి పెద్దలెవ్వరైన "కాశికి పోయెదను" అని మెల్లగా ననినచో, టిక్కెట్టు కొనుటకు ముందు ఒక్కమాఱు వంటింటిలోనికి తొంగిచూడుడు. వారి పీట యింకను అచ్చట నున్నదో లేదో.

ఇల్లు చేరిన వారమునకు గంగచెంబు మూత తెఱచి, కాశీసమారాధన చేసితిమి. ఆనాటి వంటకు అత్తగారే కూర్చుండి పాళ్ళు చెప్పిరి. పెసరపప్పులో ఉప్పు కొంచె మెక్కువయైనది. ఎవ్వరును ఏమియు ననలేదు. వచ్చు వేసవికి ఆవకాయ జాడీలు రెండు ఇప్పుడే కడిగి యెండబెట్టియున్నవి. మామిడికాయ యేతోటనుండి రావలెనో ఆమె చెప్పినారు. వచ్చు కార్తికమునకు టిక్కెట్లు మువ్వురకును, ఈ సారి ఆమె తమ చేతులతోనే డబ్బు లెక్కించి యిత్తురట.